త్రోగిర్ చూడండి, పడక మాత్రం వంతెన అవతల వేసుకోండి

క్రొయేషియా వెళ్ళేవాళ్ళకి ఏజెంట్లు తెగ ఊరించేది త్రోగిర్ పాతపట్నంలో గది. స్ప్లిట్ అనే పెద్ద ఊరికి పడమరగా 27 కిలోమీటర్ల దూరంలో, ఒడ్డుకీ చియోవో దీవికీ మధ్య ఇరుక్కున్న బుల్లి దీవి ఇది. అరగంటలో చుట్టి రావచ్చు. 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఊరికి వంక పెట్టడానికి లేదు, పేచీ అంతా గదితోనే.

ఆ ఇళ్ళు వందల ఏళ్ళ నాటివి. లిఫ్టు ఉండదు. మెట్లు నిటారుగా, ఒక మనిషి పట్టేంత వెడల్పుతో ఉంటాయి. పాతపట్నంలోకి కార్లు రానివ్వరు కాబట్టి 23 కిలోల సూట్‌కేసుని వంతెన దగ్గర్నుంచి లాక్కుంటూ రావాలి. బాటంతా అరిగి నున్నబడ్డ రాయి, వాన పడితే జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని మూడో అంతస్తు ఎక్కించారా, ఆ సాయంత్రం ఇక ఎవరూ ఎవరితో మాట్లాడరు. కిటికీ తెరిస్తే కింద సందులో హోటలు బల్లలు, అర్ధరాత్రి దాకా గ్లాసుల మోత. వేసవిలో కమెర్లెంగో కోటలో కచేరీలు కూడా ఉంటాయి. కిటికీ మూస్తే ఉక్క. కొన్నిచోట్ల ఏసీకి విడిగా వసూలు చేస్తారు.

అందుకే డబ్బు కట్టే ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి: ఏ అంతస్తు, ఏసీ కలిపారా, శుభ్రం చేసినందుకు విడిగా ఎంత, పర్యాటక పన్ను అందులోనే ఉందా. మూడు రాత్రుల కంటే తక్కువ ఉంటే 30 శాతం అదనం అనే పాత అలవాటు ఇప్పటికీ చాలామంది ఇళ్ళవాళ్ళకి ఉంది. రాత్రికి 80 యూరోలన్న గది రెండు రాత్రులకి 160 కాదు, 208 అవుతుంది. గుమ్మం పక్కన నక్షత్రాలున్న నీలం పలక లేకపోతే ఆ గదికి అనుమతి ఉందో లేదో అని అనుమానించండి. పాస్‌పోర్టు చూసి మీ పేరు ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయడం ఇంటివాళ్ళ బాధ్యత. "అవసరం లేదులెండి, క్యాష్ ఇవ్వండి" అన్నారంటే అక్కడ దిగకండి.

నా ఓటు చియోవో వైపు గదికి, కాకపోతే బస్టాండు వైపు ఒడ్డుకి. రెండూ వంతెనకి నడక దూరంలో ఉంటాయి. తెల్లారి ఏడింటికి నడుచుకుంటూ లోపలికి వెళ్తే చాలు. స్ప్లిట్ నుంచి టూరు బస్సులు దిగాక కథీడ్రల్ ముందు నిలబడటానికి చోటుండదు.

కథీడ్రల్ పడమటి ద్వారం దగ్గర కనీసం గంట గడపండి. 1240లో రదోవాన్ అనే శిల్పి చెక్కి, తన పేరు కూడా చెక్కుకున్నాడు. రెండు పక్కలా సింహాల మీద నిలబడ్డ ఆదాము, అవ్వ. పైన క్రీస్తు జననం. పక్కల్లో నెలల వారీగా మనుషులు చేసుకునే పనులు: చలికాలపు పంది కోత కూడా రాతిలోకి ఎక్కింది. లోపల 1468లో ఒప్పందం రాసుకుని కట్టించిన సెయింట్ జాన్ ప్రార్థనా మందిరం నికోలా ఫిరెంతినాత్స్ పని. కథీడ్రల్ గంటల బురుజు 47 మీటర్లు, అంతస్తుకో శైలి. ఎక్కేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి, కళ్ళు తిరిగేవాళ్ళు కిందే ఆగండి. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. సెయింట్ నికోలస్ మఠంలో గ్రీకు దేవుడు కైరోస్ శిల్పం చిన్నదే గానీ వదలొద్దు. కమెర్లెంగో కోట బయట నుంచి చూస్తే సరిపోతుంది. దాని పక్కనే, ఇంకో పాత బురుజుకి మధ్యలో, ఫుట్‌బాల్ మైదానం!

తిండి దగ్గర మోసపోయేది చేపతోనే. మెనూలో ధర ప్లేటుకి కాదు, కిలోకి. కిలో 70 యూరోలని ఉంటే 600 గ్రాముల చేప 42 యూరోలు. వండకముందే తూకం వేయించి, అంకె కాగితం మీద రాయించుకోండి. అలా అడగడం అక్కడ తప్పేం కాదు. మాంసం, బంగాళాదుంపలు మూతపెట్టి నిప్పుల కింద వండే పెకాకి గంటన్నర పైనే పడుతుంది, ముందే చెప్పి ఉంచాలి. శాకాహారులకి బ్లిత్వా దొరుకుతుంది: చార్డ్ ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె. కారం మాత్రం ఊహించకండి, ఆవకాయ సీసా మీ బాధ్యత. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు. బాదంతో చేసే త్రోగిర్ మిఠాయి రఫియోలి మాత్రం కొనండి.

2023 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో చేరింది కూడా అప్పుడే. కాబట్టి జర్మనీలో చదువుకునే మన పిల్లలకి అక్కడి రెసిడెన్స్ పర్మిట్ సరిపోతుంది. ఇండియా నుంచైతే షెంగెన్ వీసా 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకి. సందుకొకటి పెట్టిన ప్రైవేటు ఏటీఎంలు "రూపాయల్లో తీసుకుంటారా" అని అడుగుతాయి. వద్దని నొక్కండి. ఒప్పుకుంటే రేటు వాళ్ళది, పైన ఫీజు వాళ్ళదే. బ్యాంకు ఏటీఎం వెతుక్కోండి.

స్ప్లిట్ విమానాశ్రయం నుంచి త్రోగిర్ ఆరు కిలోమీటర్లే. 37 నంబరు సిటీ బస్సు స్ప్లిట్, విమానాశ్రయం, త్రోగిర్ కలుపుతుంది, కానీ స్ప్లిట్‌లో అది రేవు దగ్గరి పెద్ద బస్టాండుకి రాదు, సుకోయిషాన్ బస్టాండు నుంచి బయల్దేరుతుంది. సామాను మోస్తూ రేవు దగ్గర దాన్ని వెతికేవాళ్ళు బోలెడు మంది. వేసవిలో రోడ్డు జామైతే గంట దాటుతుంది. రేవు పక్క నుంచి వెళ్ళే దూరపు బస్సులే నయం.

పాతపట్నంలో బీచ్ లేదు. స్నానాలకి చియోవోలోని ఓక్రుగ్ గోర్ని వెళ్ళాలి. గులకరాళ్ళ తీరం, నీళ్ళలో ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్లనే జీవులు ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకునే దిగండి. క్రకా జలపాతాల టూరు అమ్మేవాళ్ళు ఈత గురించి చెబితే నమ్మకండి. అక్కడి ప్రధాన జలపాతం స్క్రాదిన్‌స్కి బుక్ దగ్గర 2021 నుంచి ఈత నిషేధం.