రాజమండ్రి డ్రెస్ కంపెనీలో పాతకాలపు వేషాలు: ఏది అద్దెకు తెచ్చుకోవచ్చు, ఏది కుట్టించుకోవాలి

గోదావరి జిల్లాల్లో పద్య నాటకం వేయాలన్నా, బడి వార్షికోత్సవంలో పిల్లాడికి రాయలవారి వేషం కట్టాలన్నా అందరూ వెళ్ళేది డ్రెస్ కంపెనీకే. ఇప్పుడు అదే గుమ్మంలో పెళ్ళి ఫొటోగ్రాఫర్లు, యూట్యూబ్ కుర్రాళ్ళు, చరిత్ర ఘట్టాలు ప్రదర్శించే కాలేజీ బృందాలు కూడా క్యూ కడుతున్నారు. ఈ సమీక్ష రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఉన్న ఒక పాత డ్రెస్ కంపెనీ గురించి. పేరు అక్కర్లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ కాకినాడ, అమలాపురం, భీమవరం అద్దె దుకాణాలకు కూడా చాలావరకు సరిపోతాయి.

ఈ దుకాణంలో బీరువాల నిండా ఉన్నవన్నీ స్టేజీ కోసం కుట్టినవి, అంటే ఫ్లడ్‌లైట్ల వెలుగులో ముప్పై అడుగుల దూరాన కూర్చున్నవాళ్ళు చూడ్డానికి. అంత దూరం నుంచి ప్లాస్టిక్ జరీ బంగారంలా ఉంటుంది, వీపు మీద వెల్క్రో ఎవరికీ కనపడదు. కెమెరా ఆరడుగుల దగ్గర నిలబడితే రెండూ బయటపడతాయి. అందుకని ఇక్కడ ఏ వేషం బాగుంటుంది అనేది బట్ట ఖరీదును బట్టి ఉండదు, కుట్టు ఎంత తక్కువ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. చుట్టుకునేవి, కట్టుకునేవి బాగున్నాయి. కుట్టినవి చాలావరకు బాగాలేవు.

మొదట రాజు సెట్టు, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. రాజరాజ నరేంద్రుడి వేషం కావాలంటే చేతికిచ్చేది ఎర్ర వెల్వెట్ అంగీ, దాని మీద చమ్కీ పని, వెనక కేప్, కింద శాటిన్ పైజామా. 1022లో పట్టాభిషేకమైన తూర్పు చాళుక్య రాజుకు ఈ అంగీతో ఏ సంబంధమూ లేదు. ఇది పార్సీ నాటకాల వైపు నుంచి మన స్టేజీకి వచ్చిన అలవాటు. అనపర్తి దగ్గర ఆ చాళుక్యుల కాలపు బిక్కవోలు గుళ్ళకు వెళ్ళి గోడల మీది బొమ్మలు చూస్తే చాలు: పైన బట్ట లేదు, నగలే, కింద కుచ్చిళ్ళు పోసిన పంచె, నడుం చుట్టూ ఇంకో సన్నటి గుడ్డ ముడి, తల మీద ఎత్తైన మకుటం.

అంగీయే కావాలి అనుకునేవాళ్ళు తీసుకునే ముందు దాన్ని పగటి వెలుగులో తలకిందులుగా, నిలువుగా తిప్పి చూడాలి. వెల్వెట్‌కు నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది. ముందు ముక్క ఒక దిక్కుకు, వెనక ముక్క ఇంకో దిక్కుకు కత్తిరిస్తే ఒకే తాను గుడ్డ ఫొటోలో రెండు రంగులుగా పడుతుంది. ఇక్కడి అంగీల్లో చేతులకు ఈ తప్పు మరీ ఎక్కువ, గుడ్డ కలిసొస్తుందని చేతుల్ని అడ్డదిడ్డంగా సర్ది కత్తిరించారు. కొత్తది కుట్టిస్తే నూగు పైకి ఉండేట్టు అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు కత్తిరించమనాలి, రంగు చిక్కగా పడుతుంది. గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది, దానికి దర్జీ గొణుగుతాడు. గొణగనివ్వండి.

అంగీ వద్దనుకుంటే రాజు వేషం ఇక్కడే చవగ్గా, నిజానికి దగ్గరగా కుదురుతుంది. అడగాల్సినవి: ఎనిమిది మూరల చేనేత పంచె ఒకటి, నడికట్టుకు మూరెడు వెడల్పు ఉన్న రంగు గుడ్డ ఒకటి, వడ్డాణం, దండకడియాలు, రెండు మూడు వరసల హారాలు. ఛాతీ మీద బట్ట లేకపోతే ఇబ్బందనేవాళ్ళకు ఒంటి రంగు బనియన్ ఇస్తారు. అది వద్దే వద్దు, చంకల దగ్గర ముడతలు పడి మొదటి ఫొటోలోనే తెలిసిపోతుంది. పల్చటి ఉత్తరీయం ఎడమ భుజం మీద నుంచి వేసుకుంటే సరిపోతుంది.

నగల్లో రెండు రకాలు ఉన్నాయి. అద్దంలా మెరిసే గిల్టు సెట్లకు ఫ్లాష్ పడితే తెల్ల మచ్చలొస్తాయి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్‌లో మ్యాట్ పాలిష్ పెట్టెలు వెనక అరలో ఉంటాయి, అడిగితేనే తీస్తారు. కిరీటాలు అట్ట మీద తగరం రేకు అంటించినవి. బరువుండవు, అది మంచిదే. కానీ లోపల స్పాంజి పట్టీ ఉంటుంది, అది చెమట పీల్చి పావుగంటకే నుదుటి మీదికి జారుతుంది. స్పాంజి తీసేసి అదే చోట నాలుగు మడతల నూలు గుడ్డ పట్టీ టాకాలు వేయించుకోండి. రేకు చివర్లు లేచిన కిరీటం తీసుకోవద్దు, విగ్గు వెంట్రుకలు వాటికి పట్టుకుంటాయి.

ఈ దుకాణం బలమంతా ఇంకో చోట ఉంది. వీరేశలింగం గారి కాలపు సెట్టు, అంటే పొడుగు కోటు, పంచె, కండువా, తలపాగా, బాగా అమర్చుతారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహ ఘట్టాన్ని ఈ ఊళ్ళో వేస్తూనే ఉంటారు, అందుకని ఈ బట్టల మీద వాళ్ళకు చేయి తిరిగింది. కోటు కట్టింగు పాతదే: మెడ దాకా మూసే గుండీలు, మోకాళ్ళ దాకా పొడవు. చెడగొట్టేది భుజాల్లో ఉన్న ప్యాడ్లు, బంగారు రంగు ప్లాస్టిక్ గుండీలు. ప్యాడ్లు తీయడానికి చంక దగ్గర లైనింగ్ రెండంగుళాలు విప్పి లాగి మళ్ళీ చేత్తో కుట్టేయొచ్చు, అడిగితే దుకాణంలోనే చేసిపెడతారు. గుండీలకు అదే గుడ్డ చుట్టించి మార్పించుకోవాలి. ఒక కోటుకు ఫ్యూజింగ్ కాన్వాస్, అంటే లోపల అంటించే బిరుసు గుడ్డ, ఊడి ఎదురు రొమ్ము మీద బుడగలు తేలి ఉంది. అలాంటిది ఇస్త్రీతో తాత్కాలికంగా అణుగుతుంది, గోదావరి గట్టు మీది తేమకు గంటలో మళ్ళీ లేస్తుంది. అది ఇస్తే వెనక్కిచ్చేయండి.

తలపాగా రెండు రకాలు. స్పాంజి మీద చుట్టి కుట్టేసిన రెడీమేడ్ పాగా పెట్టుకుంటే తల మీద చుట్టకుదురు పెట్టుకున్నట్టు ఉంటుంది. విడి గుడ్డ అడగండి. అయిదు మీటర్ల మల్లు గుడ్డను పల్చటి గంజిలో ముంచి పిండి, ఇంకా తడి ఉండగానే నిలువునా నాలుగు వేళ్ళ వెడల్పు మడత పెట్టి చుట్టాలి. గంజి చిక్కగా పెడితే మడతలు విరిగి తెల్లటి గీతలు పడతాయి. అసలు పెట్టకపోతే పదింటికల్లా పాగా చెవుల మీదికి దిగుతుంది.

పంచెల దగ్గర జాగ్రత్త. దుకాణం ఇచ్చే పంచెల్లో సగం టెరికాటన్. ఇంకో సగం నూలువే గానీ మిల్లు తెలుపు. ఆ తెలుపులో, మన డిటర్జెంట్లలో ఉండే మెరుపు మందు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నీలంగా వెలుగుతుంది, పంచె ఒక్కటే ఫొటోలోంచి బయటికి పొడుచుకొస్తుంది. కోరా పంచె, అంటే చలవ చేయనిది, దొరికితే గొడవే లేదు. బండారులంక, పులుగుర్త వైపు చేనేత దుకాణాల్లో అడిగి చూడండి. లేదంటే తెల్ల పంచెకు టీ రంగు పట్టించాలి. ముందు అంచు నుంచి ఒక పోగు తీసి వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి పూసలా అయితే పాలియెస్టర్ కలిసినట్టు, దానికి టీ రంగు సరిగ్గా ఎక్కదు. నూలు పంచెను రాత్రంతా నానబెట్టి గంజి వదిలించాలి. పొద్దున అయిదు లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల టీ పొడి పది నిమిషాలు మరిగించి, గుడ్డతో వడగట్టి, తడిపి పిండిన పంచెను అందులో వేసి పావుగంట సేపు ఆపకుండా కర్రతో తిప్పుతూ ఉండాలి. పొడి పంచె వేస్తే మచ్చలు. తిప్పడం ఆపితే మచ్చలు. ఇనప బాణలి వాడితే టీలోని వగరు ఇనుముతో కలిసి గుడ్డ బూడిద రంగుకు తిరుగుతుంది, స్టీలు గిన్నె వాడండి. తడి మీద కనిపించే రంగు ఆరాక బాగా తగ్గుతుంది, కాబట్టి కావలసిన దానికంటే ముదురుగా ఉన్నప్పుడే తీయాలి. ఇదంతా అద్దె పంచె మీద చేయకండి, డిపాజిట్ పోతుంది. తాడితోట బట్టల మార్కెట్‌లో సొంత పంచెల చాపు ఒకటి కొనుక్కుంటే నాలుగు వేషాలకు పనికొస్తుంది.

ఆడవాళ్ళ సెట్టుకొస్తే నిరాశే. గోచీ పోసి కట్టడానికి ఎనిమిది తొమ్మిది గజాల చీర కావాలి. ఇక్కడున్నవన్నీ అయిదున్నర మీటర్ల ఇప్పటి చీరలు, అంటే ఆరు గజాలే. గోచీ పోస్తే పమిట నడుం దాకా కూడా రాదు. పైగా ప్రతి చీరకూ ఫాల్ కుట్టి పికో చేసి ఉంది. ఫాల్ ఉన్న అంచు కింద బిర్రుగా, పలకలా నిలబడుతుంది. 1880ల నాటి నూలు చీర కాళ్ళకు అంటుకుని పడాలి. ఫాల్ విప్పుకోవచ్చా అని అడిగితే యజమాని ఒప్పుకుంటారు, మళ్ళీ కుట్టించి ఇవ్వాలన్న షరతు మీద. పొడవు కోసం ఒకే రకం నూలు చీరలు రెండు కొని, రెండోదాని నుంచి రెండు గజాలు కోసి మొదటిదానికి చేర్చాలి. అతుకు పమిట వైపు కాకుండా మొదటి చుట్టు వైపు రావాలి, అప్పుడు నడుం దగ్గర మరుగున పడిపోతుంది.

రవికలు పూర్తిగా కొత్తవి కుట్టించుకోవాల్సిందే. కప్పులు, ప్రిన్సెస్ కట్, వెనక హుక్కులు ఉన్న రవికతో ఏ చీర కట్టినా నిన్నటి రిసెప్షన్‌లాగే ఉంటుంది. 1880ల వేషానికి ముందు వైపున ముడేసుకునే వదులు రవిక, డాట్లు (ఒంటి ఆకారానికి పట్టి కుట్టే మడతలు) లేకుండా, మోచేతి దాకా చేతులు. 1920ల వేషానికి బుట్ట చేతులు, చేతి అంచున లేసు. ఆ లేసు మటుకు నరసాపురం నుంచే తెప్పించండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన కుట్టు అది, ఇవాళ్టికీ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు నూలు దారంతో క్రోషె సూదితో అల్లుతున్నారు. మెషీన్ మీద వచ్చే నైలాన్ లేసు వెలుగుకు మెరుస్తుంది, నూలు లేసు మెరవదు, దాని మధ్య ఖాళీల్లో నీడ పడుతుంది. రెండు చేతులకూ, మెడకూ కలిపి మీటరున్నర కొనండి. కుట్టే ముందు లేసునూ గుడ్డనూ విడివిడిగా తడిపి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకు లేసు ముడుచుకుని చేతి అంచంతా కుచ్చులు పడుతుంది.

నలుపు తెలుపు ఫొటో చేయదల్చుకున్నవాళ్ళు చీర రంగు ఎంచుకునేటప్పుడే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ కాలపు కెమెరాల్లో ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లకు నీలం అందేది గానీ ఎరుపు దాదాపు అందేది కాదు. ఎర్ర అంచు, కుంకుమ బొట్టు నల్లగా పడేవి, నీలం చీర తెల్లబారేది. ఎడిటింగులో ఎర్ర ఛానెల్ తగ్గించి నీలం ఛానెల్ మీద నడిపిస్తే ఆ లక్షణం వస్తుంది. అలా చేస్తే ముఖం మీది ప్రతి మచ్చా ముదిరి కనిపిస్తుంది కాబట్టి మేకప్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

మన్యం తిరుగుబాటు ఘట్టానికి, అంటే 1922–24 నాటి పోలీసు వేషానికి, ఖాకీ డ్రెస్సులు బాగానే ఉన్నాయి. ముతక నూలు, సరైన రంగు. పాడు చేసేది కాలి పట్టీలు, అంటే పోలీసులు పిక్కల చుట్టూ చుట్టుకునే గుడ్డ పట్టీలు. ఆసుపత్రి బ్యాండేజీకి రంగు వేసి ఇస్తున్నారు, పది అడుగులు నడిస్తే జారిపోతాయి. నాలుగంగుళాల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు ఉన్న మందపాటి ఉన్ని గుడ్డ ముక్కలు రెండు చాలు. కాలిచీలమండ దగ్గర మొదలుపెట్టి, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేలా పైకి చుట్టి, మోకాలి కింద బయటి వైపున నాడాతో కట్టాలి. పిక్క లావెక్కే చోట పట్టీని ఒకసారి మెలితిప్పి మడత వేస్తే జారదు.

విగ్గులు, మీసాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విగ్గులు వద్దు. మీసం కావాలంటే జడగా అల్లి వచ్చే క్రేప్ హెయిర్ అనే మేకప్ వెంట్రుకలు కొని, తడిపి ఇస్త్రీతో చదును చేసి, స్పిరిట్ గమ్ అనే మేకప్ జిగురుతో కొంచెం కొంచెంగా అంటించుకోవాలి. చెమట తుడిచి, గమ్ వేలికి తీగలు సాగేదాకా ఆగి అప్పుడు అంటించాలి, తడిగా ఉండగానే పెడితే జూన్ నెల ఉక్కలో పది నిమిషాలు కూడా ఆగదు. తీసేటప్పుడు సబ్బుతో రుద్దితే చర్మం లేస్తుంది, సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దాలి.

లావాదేవీ సంగతి. అద్దె రోజు లెక్క, సాయంత్రం నుంచి మర్నాడు సాయంత్రం దాకా. తెల్లవారి వెలుగులో లంకల్లో ఫొటోలు తీసుకునే వాళ్ళకు ఇది కలిసొస్తుంది. కొలతలు తీసుకోరు, అన్నీ 40, 42 సైజులే. సన్నటి కుర్రాళ్ళకు వెనక పిన్నులు పెట్టి పంపిస్తారు, పక్క నుంచి ఫొటో తీస్తే ఆ పిన్నులు కనిపిస్తాయి. రెండు రోజుల ముందు వెళ్తే పక్కకుట్లు కుదించి ఇస్తారు, ఆ ఓపిక మాత్రం వాళ్ళకు ఉంది. ఉతుకు మీద నమ్మకం పెట్టుకోవద్దు. జరీ బట్టల్ని తడపకుండా ఎండలో ఆరేసి కలరా ఉండలు వేసి పెడతారు, చంకల దగ్గర వాసన పోదు. లోపల సొంత నూలు బనియన్ వేసుకోవడమే దారి. అంతర్వేది, ఉప్పాడ ఒడ్డున షూటింగయితే జరీ పంచె తీసుకెళ్ళేముందు దాని జరీ రాగిదా ప్లాస్టిక్‌దా అడగండి. రాగి జరీ ఉప్పుగాలికి నల్లబడుతుంది, ఆ నలుపు ముందు నుంచే ఉందో, మీ చేతిలో వచ్చిందో తేల్చుకునే వాదన డిపాజిట్ మీదే పడుతుంది. తీసుకునేటప్పుడే కౌంటర్ మీద అంచంతా పరిపించి, వాళ్ళ ముందే ఫోన్లో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి.