బ్లాడర్ అక్యుములేటరా, పిస్టన్ అక్యుములేటరా?

నూనె ప్రెషర్‌తో నడిచే హైడ్రాలిక్ సిస్టమ్‌లో, ప్రెషర్‌తో నూనెను నిల్వ ఉంచే పాత్రే అక్యుములేటర్. ఈ రెండు రకాల పనీ ఒకటే. పంపు తోసిన నూనె నైట్రోజన్‌ను నొక్కుతుంది. ప్రెషర్ తగ్గగానే ఆ గ్యాస్ నూనెను తిరిగి లైన్‌లోకి నెడుతుంది. తేడా అంతా మధ్యనున్న అడ్డులోనే.

బ్లాడర్ రకంలో ఆ అడ్డు రబ్బరు తిత్తి. తేలిక కాబట్టి వెంటనే స్పందిస్తుంది. పంపు అదురు, వాల్వ్ మూసినప్పటి దెబ్బ తగ్గించడానికి దీన్నే ఎంచుకోవాలి. సిస్టమ్ కనీస ప్రెషర్ 100 బార్ అయితే గ్యాస్ సుమారు 90 బార్ నింపుతారు. నింపేటప్పుడు తొందరపడితే మాత్రం తిత్తి అడుగు ఒక్కసారిగా సాగి, కింద నూనె దారిని మూసే పాపెట్ వాల్వ్‌లో ఇరుక్కుని తెగుతుంది. అందుకే మొదట్లో గ్యాస్ వాల్వ్‌ను వెంట్రుకవాసి మాత్రమే తెరవండి. తిత్తి చిరిగిందంటే అక్యుములేటర్ ఉన్నపళంగా పనికిరాకుండా పోతుంది.

పిస్టన్ రకంలో అడ్డు సిలిండర్‌లో జారే పిస్టన్. దాని చుట్టూ లీకు ఆపే సీళ్ల రాపిడి వల్ల ఇది కాస్త నిదానం. నూనెలో మురికి ఉంటే సిలిండర్ లోపల గీతలు పడతాయి. అయితే లీకు మెల్లగా మొదలవుతుంది, గ్యాస్ ప్రెషర్ చూస్తుంటే ముందే తెలిసిపోతుంది. ఎక్కువ నూనె నిల్వ కావాలన్నా, అడ్డంగా బిగించాలన్నా ఇదే మేలు.

ఏదైనా సరే, నింపాల్సింది నైట్రోజనే. ఆక్సిజన్ నూనెతో కలిస్తే పేలుతుంది. లైన్ విప్పేముందు నూనె వైపు గేజీ సున్నా చూపాలి. పంపు ఆపినంత మాత్రాన లోపలి ప్రెషర్ పోదు.