ముందు అద్దంలో హీటర్ తీగలు: అబర్డీన్‌లో ఆరు చలికాలాల తర్వాత నా మాట

మాది ఒంగోలు. అక్కడ ముప్పై ఏళ్లు ఉన్నాను, కారు అద్దం మీద మంచు గడ్డకట్టడం ఒక్కసారి కూడా చూడలేదు. చలి అంటే నాకు తెలిసింది ఒక డిసెంబరులో ఫ్రెండ్స్‌తో లంబసింగి వెళ్లి, తెల్లవారుజామున వణుక్కుంటూ టీ తాగి రావడం. అలాంటివాణ్ని ఉద్యోగం తీసుకొచ్చి స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో పడేసింది. మా ఆవిడ ఇక్కడే నర్సు, డ్యూటీ పొద్దున ఏడున్నరకి. డిసెంబరులో ఈ ఊళ్లో సూర్యుడు మొహం చూపించేది ఎనిమిదిన్నర దాటాకే. కాబట్టి చలికాలమంతా మేం కారు దగ్గరికి వెళ్లేది చీకట్లోనే. గ్యారేజీ లేదు, ఇంటి ముందు సొంత జాగా కూడా లేదు, కారు ఉండేది రోడ్డు వారనే.

మొదటి చలికాలం మామూలు అద్దం ఉన్న పాత కారుతో గడిపాం. గీకడానికి ఏం వాడాలో తెలియక, నాన్‌స్టిక్ పెనానికి వాడే ప్లాస్టిక్ అట్లకాడ పట్టుకెళ్లాను. నిజం చెప్పాలంటే అది బాగానే పనిచేసింది. అత్తయ్య వచ్చి ఉన్న రోజులవి, దోసెల టైముకి అట్లకాడ కనిపించక ఇల్లంతా వెతికారు. ఇంకో రోజు టైము లేక కెటిల్‌లో వేడినీళ్లు తెచ్చి అద్దం మీద పోశాను. అద్దం పగల్లేదు, అదృష్టం. కానీ నీళ్లు కిందికి జారుతూనే మళ్లీ గడ్డకట్టి, ముందున్న పొర కన్నా మందంగా తయారైంది. కింద రోడ్డు మీద పారిన నీళ్లు కూడా గడ్డకట్టాయి, వాటి మీద జారి నేనే పడ్డాను. ఎదురింటి పెద్దాయన కిటికీలోంచి చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. అలా చెయ్యకు నాయనా అన్నట్టు.

మరుసటి జూన్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ముందు అద్దానికి ఎలక్ట్రిక్ హీటింగ్ ఉండాలి. ఏ కంపెనీ కారో చెప్పను, ఎందుకంటే తర్వాత వచ్చిన తిప్పలు కూడా రాస్తున్నాను. ఇలాంటి అద్దాన్ని ఈ దేశంలో జనానికి అలవాటు చేసింది మాత్రం ఫోర్డ్ వాళ్లు. 1980ల మధ్య నుంచి వాళ్ల కార్లలో వస్తోంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి.

అదేంటో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. కారు ముందు అద్దం ఒకే పలక కాదు, రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. ఈ రకం అద్దంలో ఆ పొర దగ్గరే వెంట్రుక కన్నా సన్నని తీగలు, వందల కొద్దీ, నిలువుగా చిన్న చిన్న వంకీలు తిరుగుతూ పరిచి ఉంటాయి. బటన్ నొక్కితే వాటిలో కరెంటు పారి అద్దమే వేడెక్కుతుంది. కొన్ని కార్లలో తీగల బదులు కంటికి కనపడని లోహపు పూత ఉంటుంది. నేను వాడింది తీగల రకం కాబట్టి దాని గురించే చెప్పగలను.

మైనస్ మూడు ఉన్న పొద్దున ఎలా ఉంటుందంటే: ఇంజిన్ స్టార్ట్ చేసి బటన్ నొక్కాలి. ఇంజిన్ ఆన్‌లో లేకపోతే ఇది పనిచేయదు, అంత కరెంటు లాగితే బ్యాటరీ త్వరగా ఖాళీ అయిపోతుంది. నొక్కగానే ఇంజిన్ శబ్దం కాస్త పెరుగుతుంది. మొదటి అర నిమిషం ఏమీ జరగదు, పాడైపోయిందేమో అనిపిస్తుంది. తర్వాత తెల్లటి పొరలో తీగలున్న చోటల్లా సన్నని తడి గీతలు పుడతాయి, నోటుబుక్కు కాగితాన్ని నిలువుగా తిప్పినట్టు. నిమిషంన్నరకి ఆ గీతలు ఒకదాన్నొకటి అందుకుంటాయి. అప్పుడు వైపర్ ఒక్కసారి వేస్తే పైనున్న మంచు కరగకుండానే, పలకలు పలకలుగా జారి పక్కకి పడిపోతుంది.

ఆ 'కరగకుండానే' అన్న మాట దగ్గరే ఉంది అసలు కిటుకు. ఓసారి కూర్చుని లెక్క వేశాను. అద్దం సుమారు చదరపు మీటరు అనుకుందాం. దాని మీద అర మిల్లీమీటరు మందాన ఐస్ ఉంటే దాదాపు 450 గ్రాములు. కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజౌల్స్ కావాలి, కాబట్టి మనకి 150 కిలోజౌల్స్. మా మెకానిక్ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే ఈ అద్దం 40 ఆంపియర్లు లాగుతోంది, అంటే సుమారు 500 వాట్లు. అంతా కరిగించాలంటే ఐదు నిమిషాలు, అద్దం వేడెక్కడానికి పట్టేది అదనం. బయటి చలి లాగేసుకునేది ఇంకా అదనం. కానీ అంతా కరిగించక్కర్లేదు. అద్దాన్ని పట్టుకుని ఉన్న పలచటి పొర కరిగితే చాలు, పట్టు సడలిపోతుంది. మిగతాది వైపరో చెయ్యో చూసుకుంటుంది. అందుకే నేను రెండు నిమిషాలు ఆగి, బయటికి దిగి అట్లకాడతో (ఇప్పటికీ అదే, డోర్ పాకెట్‌లో ఉంటుంది) పైపైన తోసేస్తాను. మూడు నిమిషాల్లో ముందు అద్దం రెడీ.

ఒక జాగ్రత్త. గీతలు కలవకముందే వైపర్లు వేస్తే, గడ్డకట్టి అతుక్కుపోయిన రబ్బరు చిరుగుతుంది, లేదా మోటారు మీద భారం పడుతుంది. రాత్రి కారు ఆపేటప్పుడు వైపర్ ఆటోలో ఉంటే తీసేయండి. పొద్దున స్టార్ట్ చేయగానే అవి వాటంతటవే కదలబోతాయి. ఒక బ్లేడు నాకు అలాగే పోయింది.

ఇంకో ముక్క: ఫోన్‌లో ప్లస్ రెండు డిగ్రీలు చూపించినా పొద్దునకి అద్దం తెల్లగా ఉంటుంది. మబ్బులేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది. వాలుగా ఆకాశం వైపు చూసే ముందు అద్దానికి ఇది ఎక్కువ, నిలువుగా ఉండే పక్క డోర్ల అద్దాలకి తక్కువ. ఆకాశాన్ని అడ్డుకునే చెట్టు కింద పార్క్ చేసిన రోజు నేను బటన్ నొక్కక్కర్లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మంచు లేని మిగతా తొమ్మిది నెలలూ పక్షులు ఆ చెట్టు కింద చేసే పని గురించి వేరే చెప్పాలి.

ఇక నేను ఊహించనిది. మంచు కోసం కొన్న ఈ బటన్‌ని మంచు కన్నా ఆవిరి కోసం ఎక్కువగా వాడాం. ఇక్కడ మబ్బూ తుంపరా మామూలే. తడి కోట్లు, తడి గొడుగు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఆపకుండా మాట్లాడుతూ ఉంటే రెండు వీధులు దాటేసరికి అద్దం లోపల మసకబారిపోతుంది. బ్లోయర్ వేడిగాలి రావడానికి ఇంజిన్ వేడెక్కాలి, దానికి ఐదు పది నిమిషాలు. ఈ బటన్‌తో నిమిషంలోపు తేటపడుతుంది. దీంతో పాటు ఏసీ కూడా వేయండి. చలికాలంలో ఏసీ ఏంటని మా ఆవిడ మొదట్లో తిట్టేది. హీటర్‌ని వేడి మీద పెట్టి ఏసీ కూడా వేస్తే ఆ గాలిలో తేమ పోతుంది, అద్దం మళ్లీ మసకబారదు.

సరే, తిప్పలు.

కారు కొన్నది జూన్‌లో అని చెప్పాను కదా. నవంబరులో మొదటి మంచు పడ్డ రోజు బటన్ నొక్కితే కుడి సగం తేటపడింది, ఎడమ సగం తెల్లగా అలాగే ఉంది. సరిగ్గా మధ్యలో గీత గీసినట్టు! ఈ అద్దాల్లో చాలావాటికి రెండు సగాలకీ కరెంటు విడివిడిగా వెళ్తుంది, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. ఇక్కడ స్టీరింగ్ కుడివైపే కాబట్టి డ్రైవర్‌కి కనపడుతుంది కదా అని రెండు వారాలు నెట్టుకొచ్చాను. అది తప్పు. ఈ దేశపు రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 229వ నియమం ప్రకారం బయల్దేరే ముందు అన్ని కిటికీల మీద మంచు తీసేయాలి, కళ్ల ముందు చిన్న కంత చేసుకుని పోతానంటే కుదరదు.

అద్దమే మార్చాలేమో అని టెన్షన్ పడ్డాను. ఫ్యూజు చూస్తే బాగానే ఉంది. మా వీధి చివర గ్యారేజీలో ఒక ముసలి మెకానిక్ వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కవర్ విప్పి, గుప్పెడు కుళ్లిన ఆకులు తీసి పక్కన పెట్టి, ఒక కనెక్టర్ చూపించాడు. దేవుడి గదిలో తోమని ఇత్తడి చెంబులా పచ్చగా చిలుం పట్టి ఉంది. గీకి, స్ప్రే కొట్టి, మళ్లీ గుచ్చాడు. అంతే. అప్పటి నుంచి ప్రతి అక్టోబరులో ఆ ఆకులు నేనే తీస్తున్నాను. మీరు వేసవిలో కారు కొంటుంటే బటన్ మీద లైటు వెలిగిందని నమ్మకండి. ఇంజిన్ ఆన్ చేసి, రెండు నిమిషాలయ్యాక రెండు సగాల మీదా చెయ్యి పెట్టి చూడండి. రెండూ గోరువెచ్చగా తగలాలి.

నాలుగో ఏడాది డండీ వెళ్తుంటే ఏ90 రోడ్డు మీద ముందు లారీ నుంచి రాయి ఎగిరి అద్దం పగిలింది. ఇన్సూరెన్స్ ద్వారా అద్దం మార్చేవాళ్లు వచ్చారు. ఫోన్‌లో కారు నంబరు చెప్పాను, వాళ్లకి అంతా తెలుసనుకున్నాను. వ్యాన్‌లోంచి దించిన అద్దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే తీగలు లేవు. మామూలు అద్దం! నేను ఆఫీసులో ఉండి ఉంటే బిగించేసి వెళ్లిపోయేవాళ్లే. వెనక్కి పంపితే సరైనది రావడానికి ఐదు రోజులు పట్టింది. ఈ రకం అద్దం ఖరీదు మామూలుదాని కన్నా ఎక్కువ, కాబట్టి పాలసీలో అద్దానికి మీ వాటా ఎంతో ముందే చూసుకోండి.

వెనక అద్దం కథ వేరు, అది పూర్తిగా నా తప్పు. వెనక అద్దాన్ని వేడిచేసే గోధుమరంగు గీతలు అద్దం మధ్యలో ఉండవు, లోపలి వైపు పైపైన అచ్చువేసి ఉంటాయి. తిరుమల నుంచి తెచ్చుకున్న స్టిక్కర్ భక్తిగా సరిగ్గా ఆ గీతల మీదే అంటించాను. రెండేళ్లకి వెలిసిపోయిందని పీకితే దాంతో పాటు రెండు గీతలు ఊడొచ్చాయి. మర్నాడు పొద్దున అద్దమంతా తేటపడి ఆ రెండు గీతల మేర మాత్రం పంచెకి అంచులా తెల్లగా మిగిలింది. మల్టీమీటర్‌తో ఎక్కడ తెగిందో చూసి, రెండువైపులా టేపు అంటించి, వెండి కలిసిన పెయింట్ చిన్న కుంచెతో పూసి, ఒక రోజు ఆరనిచ్చాను. పనిచేసింది. అందంగా మాత్రం లేదు. స్టిక్కర్ అంటించాలంటే బంపర్ మీద అంటించండి. గీతలు తుడిచేటప్పుడు కూడా అడ్డంగా, గీత వెంబడే తుడవాలి.

తీగలు కనపడవా అని అందరూ అడుగుతారు. కనపడతాయి. డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో పది డిగ్రీల ఎత్తుకి అటూ ఇటూగానే ఉంటాడు, ఆ ఎండ నేరుగా అద్దంలో పడి తీగలన్నీ మెరుస్తాయి. రాత్రి ఎదురొచ్చే లైట్ల చుట్టూ గీతలు సాగుతాయి. మొదటి నెల నాకు తలనొప్పి వచ్చింది, తర్వాత కళ్లు వాటిని పట్టించుకోవడం మానేశాయి. మా ఆఫీసులో ఒకాయన అలవాటు పడలేక ఆ కారే అమ్మేశాడు. కొనేముందు ఒక్కసారైనా రాత్రిపూట నడిపి చూడండి.

బ్యాటరీ సంగతి కూడా. మా ఆవిడ హాస్పిటల్ పదిహేను నిమిషాల దూరం. ముందు అద్దం, వెనక అద్దం, సీటు హీటర్, లైట్లు అన్నీ కలిసి లాగేస్తుంటే అంత చిన్న ప్రయాణంలో బ్యాటరీ తిరిగి నిండదు. మూడో చలికాలం జనవరిలో ఒక సోమవారం టక్కుమని శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు వారానికోసారి ఊరి బయట దాకా ఊరికే తిప్పుకొస్తాను.

ఈ అద్దం కొనే ముందు సిగరెట్ సాకెట్‌కి గుచ్చే చిన్న హీటర్ ఫ్యాన్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బు దండగ. ఆ సాకెట్ ఇవ్వగలిగేది 150 వాట్లు, ఇంకాస్త ఎక్కువ అనుకోండి. అది కూడా గాలిలో కలిసిపోయే వేడి, అద్దంలో పుట్టే వేడి కాదు. పది నిమిషాలకి అరచేయంత మేర తడి, కాలిన ప్లాస్టిక్ వాసన, ఆ తర్వాత ఫ్యూజు పోయింది.

పక్క అద్దాలకి ఈ సుఖం లేదు, వాటిని చేత్తో గీకాల్సిందే. అరడుగు మంచు పడిన రోజు బ్రష్‌తో దులపకుండా బటన్ నొక్కినా లాభం లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఇంట్లోకి వెళ్లి కాఫీ తాగుదాం అనుకోకండి. పబ్లిక్ రోడ్డు మీద అలా వదిలేసి పోవడం ఇక్కడ నేరం, పైగా తాళం ఉన్న కారు దొంగకి అప్పగించినట్టే. ఆ మూడు నిమిషాలూ కార్లోనే కూర్చోవాలి.

వచ్చే ఏడాది కారు మార్చాలి. మా ఆవిడ కొలీగ్ ఎలక్ట్రిక్ కారు వాడుతుంది, ఇంటి చార్జర్‌కి తగిలించి ఉండగానే ఫోన్‌లో నొక్కితే బయటికి వచ్చేసరికి పక్క అద్దాలతో సహా అంతా తడి ఆరి ఉంటుంది. చూస్తే కుళ్లు పుడుతుంది. కానీ ఆవిడకి ఇంటి ముందు జాగా ఉంది, మాది రోడ్డు వార పార్కింగ్. అంచేత మళ్లీ పెట్రోలు కారే, మళ్లీ తీగల అద్దమే. ఈసారి మాత్రం జనవరిలో కొంటాను, పొద్దున ఏడింటికి చూడ్డానికి వెళ్తాను.