కరీంనగర్‌లో మా ఇల్లు కట్టిన కాంట్రాక్టరు, మేం రాసుకున్న ఒప్పందం

రెండు వందల గజాల స్థలంలో మా ఇల్లు కట్టిన కాంట్రాక్టరు పనిపై నాకు నమ్మకం కుదిరింది; ఆ నమ్మకానికి ఆయన పనితనం ఎంత కారణమో, పని మొదలయ్యేలోపు కూర్చుని రాసుకున్న ఒప్పందమూ అంతే కారణం. లేబర్ కాంట్రాక్టులో, అంటే కూలి పని మాత్రమే అప్పగిస్తే, ధర తక్కువగా కనిపిస్తుంది గానీ, సిమెంటు, ఇసుక, కంకర, స్టీలు వేళకు తెప్పించే భారమంతా ఇంటి యజమానిదే. రోజూ సైటులో నిలబడే వీలు మాకు లేనందువల్ల మెటీరియల్‌తో సహా అప్పగించాం.

చదరపు అడుగుకు ఎంత అని అడిగే ముందు, ఏ విస్తీర్ణాన్ని కొలుస్తారో అడగడం చాలా అవసరం. మేం మాట్లాడిన మరో కాంట్రాక్టరు తక్కువ ధర చెప్పినా, బాల్కనీలను, సజ్జలను కూడా పూర్తి కొలతలో కలిపి, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, పిట్టగోడలకు విడిగా లెక్క వేశారు. మా కాంట్రాక్టరు ధర ఎక్కువే అయినా అవన్నీ అందులోనే ఉన్నాయి. మొత్తం కూడి చూస్తే ఈయనదే తక్కువ.

‘మంచి కంపెనీ స్టీలు’ వంటి మాటలు ఒప్పందంలో ఎందుకూ పనికిరావు. మేం స్టీలు ఎఫ్‌ఈ 500డి గ్రేడు అనీ, కాంక్రీటు బలం ఎం20 గ్రేడుకు తగ్గకూడదనీ, టైల్స్‌కు, తలుపులకు, స్విచ్చులకు ఎంత ధర వరకు కాంట్రాక్టరు భరిస్తారో అనీ రాయించాం. స్లాబు పనిలో ఈయన శ్రద్ధ నిజంగా మెచ్చుకోదగినది. ఇనుము కింద కూడా కాంక్రీటు పట్టేలా ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టించి, కాంక్రీటు బలం తెలుసుకునేందుకు నమూనా క్యూబులు తీసి పరీక్షకు పంపించారు. పీపీసీ (ఫ్లైయాష్ వంటివి కలిపిన) సిమెంటుకు కనీసం 10 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే 14 రోజులు క్యూరింగ్ (నీటితో తడిగా ఉంచడం) ఉండాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. వేసవి కాబట్టి స్లాబు మీద మడులు కట్టించి రెండు వారాలూ నీళ్లు నిలిపారు, స్తంభాలకు తడి గోనెపట్టలు చుట్టించారు.

చివరి పనుల్లో మాత్రం ఆ పట్టు సడలింది. వడ్రంగి, ఎలక్ట్రీషియన్ ఒకరి కోసం ఒకరు ఆగడంతో పని ఆలస్యమైంది. ఒక బాత్రూమ్‌లో వాలు సరిపోక నీళ్లు నిలిచాయి. పునాది, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ అంటూ దశ పూర్తయ్యాకే డబ్బు చెల్లించే పద్ధతి పెట్టుకుని, చివర కొంత మొత్తం మా దగ్గరే ఉంచుకున్నందువల్ల ఆయన టైల్స్ తీయించి మళ్లీ వేయించారు.

సొంత స్థలంలో సొంతానికి కట్టించుకునే ఇంటి విషయంలో రెరాపై (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంపై) ఆశ పెట్టుకోలేం; అది అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం వచ్చిన చట్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ఇళ్ల నిర్మాణాన్ని సేవగా పరిగణిస్తుంది కాబట్టి, ఫిర్యాదు చేయాల్సి వస్తే పనికొచ్చేలా సంతకాలున్న ఒప్పందం, చెల్లింపుల రసీదులు భద్రపరచుకోవాలి. మా కాంట్రాక్టరు ఇచ్చే ఒప్పంద ముసాయిదాలో ఆలస్యానికి పరిహారం ప్రస్తావన ఉండదు. అడిగితే చేరుస్తారు, సంతకానికి ముందే అడగండి.