క్లౌడ్ మానిటరింగ్ టూల్ కొంటున్నారా? రెండో బిల్లు ఏడబ్ల్యూఎస్ నుంచి వస్తుంది, జాగ్రత్త

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) మీద సర్వర్లు నడుపుతూ, వాటిని గమనించడానికి బయటి కంపెనీ మానిటరింగ్ టూల్ తీసుకోబోయేవాళ్ల కోసం ఈ హెచ్చరిక. ధరల పేజీలో సర్వర్‌కు నెలకు ఇన్ని డాలర్లు అని ఒక అంకె కనిపిస్తుంది. ఉన్న సర్వర్లతో దాన్ని గుణించి బడ్జెట్ అడిగేస్తారు. ఆ లెక్క తప్పు. టూల్ కంపెనీ పంపే బిల్లు ఒకటైతే, ఆ టూల్ మీ అకౌంట్లో చేసే పనికి ఏడబ్ల్యూఎస్ వేసే బిల్లు ఇంకొకటి. ఈ రెండోదాని గురించి సేల్స్ వాళ్లు డెమోలో నోరెత్తరు.

ముందు ఆ రెండో బిల్లు ఎలా పుడుతుందో చూడండి. మీ సర్వర్లు, డిస్కుల పనితీరు చెప్పే అంకెలు (మెట్రిక్స్) క్లౌడ్‌వాచ్ అనే ఏడబ్ల్యూఎస్ సొంత మానిటరింగ్ సర్వీసులో చేరతాయి. చాలా టూల్స్ అక్కడి నుంచి వాటిని తెచ్చుకునేది గెట్‌మెట్రిక్‌డేటా అనే ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) ద్వారా. దానికి ఏడబ్ల్యూఎస్ ధర 1,000 మెట్రిక్స్‌కు 0.01 డాలర్. క్లౌడ్‌వాచ్‌లో నెలకు పది లక్షల ఏపీఐ రిక్వెస్టులు ఉచితం అని చదివి ధీమాగా ఉండకండి, గెట్‌మెట్రిక్‌డేటా ఆ ఉచితంలోకి రాదు. పైగా లెక్క కాల్స్ మీద కాదు, అడిగిన మెట్రిక్స్ మీద. ఒక్క కాల్‌లో 500 మెట్రిక్స్ అడిగితే 500కీ డబ్బు పడుతుంది.

ఇప్పుడు మధ్యరకం సెటప్ ఒకటి తీసుకుందాం. సర్వర్లు, డిస్కులు, లోడ్ బ్యాలెన్సర్లు, డేటాబేస్‌లు అన్నీ కలిపి 2,000 మెట్రిక్స్. ఒక్కో ఈబీఎస్ డిస్కుకే (సర్వర్‌కు తగిలించే డిస్కు) అరడజనుకు పైగా ఉంటాయి కాబట్టి ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. టూల్ ప్రతి 5 నిమిషాలకు అడిగితే రోజుకు 288 సార్లు, అంటే 5,76,000 మెట్రిక్స్, 5.76 డాలర్లు. నెలకు 172.80. అదే "రియల్ టైమ్" అని టిక్కు పెట్టి నిమిషానికి మారిస్తే నెలకు 864 డాలర్లు. డ్యాష్‌బోర్డులో ఒక్క డ్రాప్‌డౌన్ మార్చినందుకు ఖర్చు ఐదింతలు. ఇంకా అన్యాయం ఏమిటంటే, ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ సర్వర్ల) బేసిక్ మానిటరింగ్‌లో కొత్త అంకె వచ్చేదే 5 నిమిషాలకోసారి. దాన్ని నిమిషానికోసారి అడిగితే ఐదుసార్లలో నాలుగుసార్లు పాత అంకే వస్తుంది, డబ్బు మాత్రం ఐదుసార్లూ పడుతుంది.

"మెట్రిక్ స్ట్రీమ్స్ వాడండి, చవక" అనే సలహా కూడా వింటారు. 2021లో వచ్చిన ఈ పద్ధతిలో ఏడబ్ల్యూఎస్ తనే అంకెలను ఫైర్‌హోస్ (డేటాను చేరవేసే సర్వీసు) ద్వారా టూల్ వైపు పంపుతుంది. ధర 1,000 అప్‌డేట్లకు 0.003 డాలర్. పోలింగ్‌తో (టూల్ తనే మళ్లీ మళ్లీ అడగడంతో) పోలిస్తే మూడో వంతుకన్నా తక్కువ అనిపిస్తుంది కానీ, పైన చెప్పిన 2,000 మెట్రిక్సూ నిమిషానికోసారి అప్‌డేట్ అయ్యేవైతే నెలకు 259.20 డాలర్లు, దానిపైన ఫైర్‌హోస్ చార్జీలు. 5 నిమిషాల పోలింగ్ కంటే ఇదే ఎక్కువ. స్ట్రీమ్‌లో మేలేమిటంటే కొత్త అంకె వచ్చినప్పుడే డబ్బు పడుతుంది, ఆలస్యం కూడా రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది. ఏది నయమో మీ మెట్రిక్స్ ఎంత తరచుగా మారతాయన్న దానిమీదే ఉంటుంది. సేల్స్ వాళ్ల మాట మీద ఎంచుకోకండి.

ఈ ఖర్చు ఎక్కడ కనిపిస్తుందంటే, ఏడబ్ల్యూఎస్ ఖర్చులు చూపే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో సర్వీసు క్లౌడ్‌వాచ్ ఎంచుకుని, గ్రూప్ బై దగ్గర యూసేజ్ టైప్ పెట్టండి. జీఎండీ-మెట్రిక్స్ అని చివర ఉండే వరుసే టూల్ అడిగిన మెట్రిక్స్ ఖర్చు. టూల్ కనెక్ట్ చేసిన మర్నాటి నుంచీ గ్రాఫ్‌లో ఆ గీత పైకి లేస్తే కారణం అదే. చాలా ట్రయల్స్ 14 రోజులకే ముగుస్తాయి, ఏడబ్ల్యూఎస్ బిల్లు నెలాఖరుకు గానీ చేతికి రాదు. ఈలోపే ఏడాది కాంట్రాక్టు మీద సంతకం అయిపోతుంది. అందుకే బిల్లు కోసం ఆగకుండా ట్రయల్ మూడో రోజునే ఈ గీత చూసి 30 రోజులకు లెక్కగట్టండి.

తగ్గించే దారి ఉంది. కనెక్ట్ చేసేటప్పుడు "అన్ని రీజియన్లు, అన్ని సర్వీసులు" అనేది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటే ముందు దాన్ని తీసేయండి. మీరు వాడే రీజియన్ (ముంబై, హైదరాబాద్ లాంటి డేటా సెంటర్ల ప్రాంతం) ఒకటో రెండో, అలర్ట్ పెట్టదలచిన సర్వీసులు నాలుగో ఐదో, అంతే ఆన్ చేయండి. ట్యాగ్ (రిసోర్సుకు తగిలించే చీటీ) ఫిల్టర్ ఉంటే ప్రొడక్షన్ (కస్టమర్లు వాడేవి) ట్యాగ్ ఉన్నవే రానివ్వండి. ఎస్3 (ఫైళ్లు దాచే సర్వీసు) సైజు లాంటి మెట్రిక్ రోజుకోసారే వస్తుంది, దాన్ని 5 నిమిషాలకోసారి అడగనివ్వడం దండగ.

ఇక మొదటి బిల్లు, అంటే టూల్ కంపెనీ వేసేది. అందులోనూ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది.

ఒకటి, సర్వర్లను లెక్కపెట్టే తీరు. సగటు మీద కాకుండా నెలలో తారస్థాయి మీద బిల్లు వేసే కంపెనీలున్నాయి. గంట గంటకూ సర్వర్ల సంఖ్య నమోదు చేసి, పైనున్న ఒక శాతం గంటలు వదిలేసి, మిగిలినవాటిలో అత్యధికానికి డబ్బు అడుగుతారు. 30 రోజుల నెలలో 720 గంటలు, అందులో వదిలేసేవి ఏడు. మీకు మామూలుగా 12 సర్వర్లు, పండగ సేల్‌లో ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం) వల్ల 20 గంటలపాటు 60 అయ్యాయనుకోండి. నెల సగటు 13.3. బిల్లు మాత్రం 60కి. కాంట్రాక్టులో "హై వాటర్‌మార్క్" అనే మాట ఉందా అని వెతకండి. గంటల వాడకం మీద బిల్లు వేసే ప్లాన్ అడిగితే చాలాచోట్ల ఇస్తారు, అడగనిదే చెప్పరు.

రెండు, కస్టమ్ మెట్రిక్స్. మీ అప్లికేషన్ నుంచి పంపే ఒక్క మెట్రిక్‌ను ఒక్కటిగా లెక్కపెట్టరు, దానికి తగిలించిన ట్యాగుల ప్రతి కలయికనూ ఒకటిగా లెక్కపెడతారు. రెస్పాన్స్ టైమ్ అనే మెట్రిక్‌కు 40 ఎండ్‌పాయింట్లు (యాప్‌లోని చిరునామాలు), 5 స్టేటస్ కోడ్లు (జవాబు ఫలితాలు), 30 పాడ్లు (నడుస్తున్న యాప్ కాపీలు) ట్యాగులుగా ఉంటే 6,000 మెట్రిక్స్ అయ్యాయన్నమాట. కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా పాడ్ల పేర్లు మారతాయి కనుక కొత్తవి మళ్లీ మొదటి నుంచీ పుడతాయి. ఇక ఎవరైనా డెవలపర్ అమాయకంగా యూజర్ ఐడీని ట్యాగ్‌గా పెట్టాడా, ఖర్చు తడిసి మోపెడవుతుంది. పాడ్ పేరు, యూజర్ ఐడీ, ఆర్డర్ నంబరు, ఐపీ అడ్రస్ ఈ నాలుగూ మెట్రిక్ ట్యాగుల్లో ఉండకూడదని కోడ్ రివ్యూలోనే ఆపాలి. వాటి చోటు లాగ్స్‌లో, అంటే ఏం జరిగిందో వరుసగా రాసుకునే రికార్డుల్లో.

లాగ్స్ అంటే గుర్తొచ్చింది. ఏజెంట్ (సర్వర్ లోపల పెట్టే టూల్ ప్రోగ్రామ్) పంపే డేటా ప్రైవేట్ సబ్‌నెట్ (నేరుగా ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్) నుంచి నాట్ గేట్‌వే (బయటికి దారిచ్చే సర్వీసు) మీదుగా బయటికి పోతుంది. ముంబై రీజియన్‌లో నాట్‌కు జీబీకి 0.056 డాలర్, ఇంటర్నెట్‌కు పంపినందుకు జీబీకి 0.1093 డాలర్. నెలకు 600 జీబీ పోతే దాదాపు 99 డాలర్లు. ఏజెంట్‌లో కంప్రెషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, డీబగ్ లాగ్స్‌ను ఏజెంట్ దగ్గరే వడగట్టేయండి. ఆ లాగ్స్‌లో ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే బయటికి పోకముందే చెరిపేయడం తప్పనిసరి. టూల్ 15 రోజులే లాగ్స్ దాస్తుందంటే దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్స్ ఉండాలి, కాబట్టి ఎస్3లో ఒక కాపీ వేరేగా పెట్టుకోండి. విదేశీ కంపెనీ దగ్గర కొంటే 18 శాతం ఐజీఎస్టీ రివర్స్ చార్జ్ కింద మీ కంపెనీయే కట్టాలన్నది అకౌంట్స్ వాళ్లకు ముందే చెప్పండి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది పర్మిషన్ల సంగతి. "క్విక్ సెటప్" బటన్ నొక్కగానే క్లౌడ్‌ఫార్మేషన్ (టెంప్లేట్ నుంచి రిసోర్సులు తయారుచేసే సర్వీసు) పేజీ తెరుచుకుంటుంది, కింద ఐఏఎమ్ (పర్మిషన్లు చూసే సర్వీసు) రిసోర్సులు తయారవుతాయని ఒప్పుకునే గడి ఉంటుంది. చదవకుండా టిక్కు పెట్టేస్తారు. ఆ టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసి, రోల్‌కు (మీ అకౌంట్‌లోకి రావడానికి టూల్ వాడుకునే గుర్తింపు) ఏ పాలసీ (పర్మిషన్ల జాబితా) తగిలించారో చూడండి. రీడ్ఓన్లీ యాక్సెస్ అనే ఏడబ్ల్యూఎస్ పాలసీ కనిపిస్తే ఆగండి. పేరు చూసి "చదవడమేగా" అనుకుంటారు. ఎస్3 బకెట్లలోని ఫైళ్లను తెరిచి చదవడం, డైనమోడీబీ డేటాబేస్ టేబుళ్లలోని వరుసలు చదవడం కూడా అందులో భాగమే. మానిటరింగ్‌కు అవేవీ అక్కర్లేదు. క్లౌడ్‌వాచ్ మెట్రిక్స్ చదవడం, రిసోర్సుల జాబితా, ట్యాగులు చూడడం, ఇంతవరకే ఇచ్చే పాలసీ మీరే రాసివ్వండి.

అదే రోల్ ట్రస్ట్ పాలసీలో (రోల్‌ను ఎవరు వాడుకోవచ్చో చెప్పేది) కండిషన్ భాగం కింద ఎక్స్‌టర్నల్ ఐడీ ఉండాలి. అది టూల్ కంపెనీ మీ ఒక్కరి కోసం పుట్టించిన కోడ్ అయి ఉండాలి. అది లేకపోయినా, కస్టమర్లందరికీ ఒకటే అయినా, కస్టమర్ తనకు నచ్చినది టైప్ చేసుకునే వీలున్నా, మీ రోల్ పేరు తెలిసిన ఇంకో కస్టమర్ అదే టూల్‌ను అడ్డుపెట్టుకుని మీ అకౌంట్‌లోకి తొంగిచూడగలడు. రోల్ కాకుండా ఐఏఎమ్ యూజర్ పెట్టి యాక్సెస్ కీ, సీక్రెట్ కీ ఇమ్మని అడిగే టూల్‌తో అసలు మాటలే వద్దు.

హైదరాబాద్ రీజియన్ వాడేవాళ్లకు ఒక ప్రత్యేక సమస్య. 2022 నవంబరులో వచ్చిన ఈ రీజియన్ ఆప్ట్-ఇన్ రకం, అంటే మీరే ఆన్ చేసుకోవాలి. టూల్ ఎస్‌టీఎస్ (తాత్కాలిక టోకెన్లు ఇచ్చే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) గ్లోబల్ ఎండ్‌పాయింట్ నుంచి టోకెన్ తీసుకుంటే, డిఫాల్ట్‌గా అది ఆప్ట్-ఇన్ రీజియన్లలో చెల్లదు. ముంబై సర్వర్లన్నీ కనిపిస్తాయి, హైదరాబాద్‌వి ఒక్కటీ కనిపించవు, ఎర్రర్ కూడా సరిగా చూపించదు. పర్మిషన్ల తప్పేమోనని రోజులు వృథా అవుతాయి. టూల్ రీజినల్ ఎండ్‌పాయింట్ వాడుతుందా అని రాతపూర్వకంగా అడిగి, ట్రయల్‌లో హైదరాబాద్ సర్వర్ ఒకటి పెట్టి చూసుకోండి.

"ఏజెంట్ అక్కర్లేదు" అనే ప్రకటనకూ లొంగకండి. ఈసీ2 లోపల ర్యామ్ ఎంత వాడుతోందో, డిస్కు ఎంత నిండిందో క్లౌడ్‌వాచ్‌కు తనంతట తెలియదు. లోపల ఏదో ఒక ఏజెంట్ ఉండాల్సిందే. సర్వర్లు పడిపోవడానికి ఆ రెండూ తరచూ కారణమవుతాయి.

ట్రయల్‌లోనే ఒక సర్వర్‌లో ఏజెంట్‌ను కావాలని ఆపి, గడియారం చూడండి. అలర్ట్ ఎన్ని నిమిషాలకు వచ్చింది? 5 నిమిషాల మెట్రిక్‌ను 10 నిమిషాలకోసారి తెచ్చుకునే టూల్ అయితే పావుగంట దాటవచ్చు. అసలు రాకపోతే, డేటా రాకపోవడాన్ని ఆ టూల్ "అంతా బాగుంది" అనుకుంటోందన్నమాట. నో డేటా అలర్ట్ విడిగా ఆన్ చేయాలి.

చివరగా, వద్దనుకుని మానేసేటప్పుడు. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తే ఆగేది టూల్ బిల్లు ఒక్కటే. మెట్రిక్ స్ట్రీమ్ మీ అకౌంట్లోది, అది నడుస్తూనే ఉంటుంది. ఫైర్‌హోస్ పంపబోయి, అవతల తీసుకోకపోతే మీ ఎస్3 బ్యాకప్ బకెట్‌లో పోస్తుంది, మూడింటికీ చార్జీ పడుతుంది. కాబట్టి ముందు స్ట్రీమ్ ఆపి తీసేయండి, తర్వాత ఫైర్‌హోస్, ఆపైన లాగ్స్ పంపే లాంబ్డా ఫంక్షన్. బకెట్ ఖాళీ చేస్తే గానీ క్లౌడ్‌ఫార్మేషన్ స్టాక్ (క్విక్ సెటప్‌లో తయారైన రిసోర్సుల కట్ట) డిలీట్ కాదు, మధ్యలో ఆగిపోయిందేమో చూసుకోండి. ఐఏఎమ్‌లో ఆ రోల్ నిజంగా పోయిందో లేదో కళ్లతో చూసుకుని, సర్వర్లలో ఏజెంట్లు తీసి, ఏఎంఐలలో (సర్వర్ నమూనా ఇమేజీలు), యూజర్ డేటాలో (సర్వర్ మొదలయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టు) మిగిలిన ఏపీఐ కీలు కూడా చెరిపేయండి. వారం తర్వాత జీఎండీ-మెట్రిక్స్ వరుస మళ్లీ తెరిచి చూడండి. అక్కడ ఇంకా అంకె పడుతుంటే ఏదో ఒక అకౌంట్‌లోనో రీజియన్‌లోనో కనెక్షన్ మిగిలే ఉండవచ్చు.