సాఫ్ట్ కోరల్స్‌కి ఏది మేలు: నీళ్లు మార్చడమా, డోసింగా?

ఉప్పునీటి ఆక్వేరియంలో సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) మాత్రమే పెంచేవాళ్లు పదేపదే అడిగే మాట ఇది: అందరూ క్యాల్షియం, ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) తగ్గకుండా సీసాల్లోని ద్రావణాలు డోస్ చేస్తున్నారు, అంటే కొలిచి పోస్తున్నారు కదా, మేమూ మొదలుపెట్టాలా, లేక వారంవారం నీళ్లు మారిస్తే చాలా? నా ఓటు నీళ్లు మార్చడానికే.

డోసింగ్‌ని తీసిపారేయలేం. అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ అస్థిపంజరం కట్టుకోవడానికి క్యాల్షియం, కార్బొనేట్ రోజూ లాగేస్తాయి. అలాంటివి నిండిన ట్యాంకులో డోసింగ్ లేకపోతే కష్టమే. లెదర్, సినులారియా లాంటి సాఫ్ట్ కోరల్స్ సంగతి వేరు. వాటి ఒంట్లో ఉండేవి చిన్నచిన్న సున్నపు ముళ్లు. వాటికి పట్టే క్యాల్షియం అంతంతమాత్రం. వారానికి పది శాతం నీళ్లు మారిస్తే చాలా ట్యాంకుల్లో ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), క్యాల్షియం 420 పీపీఎం (పది లక్షల్లో 420 భాగాలు) చుట్టుపక్కలే నిలబడతాయి.

అసలు తేల్చాల్సింది నీళ్లలో ఏం తగ్గిందని కాదు, ఏం పేరుకుందని. లెదర్ కోరల్స్ పక్కవాటిని దూరంగా ఉంచడానికి టెర్పీన్లనే రసాయనాలు వదులుతాయి. సముద్రంలో అయితే అవి కొట్టుకుపోతాయి, మన గాజుపెట్టెలో ఎక్కడికి పోతాయి? ఎన్ని సీసాలు పోసినా డోసింగ్ వాటిని బయటికి తీయలేదు. నీళ్లు మారిస్తే తగ్గినవి చేరతాయి, చేరినవి తగ్గుతాయి. అయితే పది శాతం మారిస్తే పోయేదీ పది శాతమే కాబట్టి, పక్కన ఇలాంటి రసాయనాల్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ తప్పకుండా ఉండాలి, దాన్ని నెలకోసారైనా మార్చాలి.

సార్కోఫైటాన్ అనే లెదర్ కోరల్‌ని చూడండి. ఉన్నట్టుండి పాలిప్స్ (పైన పూలలా విచ్చుకునే చిన్న భాగాలు) అన్నీ లోపలికి లాక్కుంటుంది, పైభాగం మైనం పూసినట్టు మెరుస్తుంది. ఇక్కడే టెన్షన్ పడి ఏదో ఒక సీసా అందుకుంటారు. అది పొర విడుస్తోంది, అంతే. కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం దాటుతుంది. దానికి కావాల్సింది ఆ పొరను ఊడదీసేంత ప్రవాహం. పంపు కొంచెం అటు తిప్పి, ఊడిన పొరను నీళ్లు మార్చేటప్పుడు సైఫన్‌తో లాగేయండి.

అలాగని సగం ట్యాంకు ఒకేసారి మార్చకండి. నైట్రేట్ మరీ తగ్గిపోతే సాఫ్ట్ కోరల్స్ చిక్కిపోతాయి, 5–10 పీపీఎం ఉంటేనే బాగుంటాయి. కొత్త నీళ్ల సాంద్రత, వేడి ట్యాంకుతో సమానంగా ఉండాలి.

అయోడిన్ సీసాలా? టెస్ట్ చేయకుండా వద్దు. నురగతో పాటు మురికిని బయటికి తీసే స్కిమ్మర్ ఉంటే మంచిదే, చిన్న ట్యాంకులో లేకపోయినా నడుస్తుంది.

నీళ్లు సక్రమంగా మారుస్తున్నా ఆల్కలినిటీ ప్రతి వారం 7 కిందికి జారుతోందంటే, రాళ్ల మీద సున్నపు పొరలా పెరిగే కోరలైన్ ఆల్గేనో, మధ్యలో చేరిన గట్టి కోరల్సో వాడుకుంటున్నట్టు. అప్పుడు ఆల్కలినిటీ డోస్ చేయండి, కానీ రోజుకి 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి.