సుజుకీనా, వ్యూపాయింట్సా: నాటక బృందానికి ఏ సాధన మేలు?

ఒక్క నాటకం కోసం పోగై, ప్రదర్శనలు అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయే నటులకు సాధన పద్ధతి గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. ఏళ్ల తరబడి కలిసి పనిచేయాలని, స్క్రిప్టు కన్నా ముందు ఒంటితో మొదలుపెట్టాలని అనుకునే ప్రయోగాత్మక బృందానికి మాత్రం రోజూ ఏం సాధన చేయాలన్నదే మొదటి ప్రశ్న. అలాంటి బృందాల మధ్య తరచుగా వినపడే పేర్లు రెండు: సుజుకీ పద్ధతి, వ్యూపాయింట్స్.

ఈ రెండింటినీ ఒకే కప్పు కింద పెంచిన బృందం ఒకటుంది. అమెరికన్ దర్శకురాలు ఆన్ బోగార్ట్, జపాన్ దర్శకుడు తదాషి సుజుకీ కలిసి 1992లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్‌లో సారటోగా ఇంటర్నేషనల్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్‌ను మొదలుపెట్టారు. సిటి కంపెనీగా పేరుపడ్డ ఆ బృందం 2022లో ముగిసేదాకా, అంటే 30 ఏళ్లు, రెండు సాధనలనూ వదల్లేదు. అంత తీరిక, అంత నిలకడ అన్ని బృందాలకూ ఉండవు. వారానికి రెండు మూడు సాయంత్రాలు మాత్రమే కలవగలిగేవాళ్లు దేనికి పెద్దపీట వేయాలన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది.

సుజుకీ సాధన పాదాలతో మొదలవుతుంది. టోక్యోలో 1966లో వాసెదా లిటిల్ థియేటర్‌ను స్థాపించిన ఆయన, 1976లో బృందంతో సహా రాజధానిని వదిలేసి తొయామా ప్రాంతంలోని తోగా అనే కొండ ఊరికి మకాం మార్చారు. జపాన్ సంప్రదాయ నాటక రూపాలైన నో, కబుకిలలో నటులు నేలను తొక్కే తీరు చూసి ఆయనకు కుదిరిన నమ్మకం ఏమిటంటే, నటుడి బలం నడుము కిందే ఉంది. బాగా పేరున్న అభ్యాసం చూడండి. సంగీతం మొదలవగానే అందరూ మోకాళ్లు కాస్త వంచి, లయ తప్పకుండా, ఉన్న శక్తినంతా పెట్టి నేలను తొక్కుతూ తిరుగుతారు. ఎంత గట్టిగా తొక్కినా నడుము పైభాగం అదరకూడదు, భుజాలు ఎగరకూడదు. కొన్ని నిమిషాలకు సంగీతం ఆగిపోతుంది, అందరూ నేలకు ఒరిగిపోతారు. ఆ తర్వాత జపాన్ వెదురు వేణువు నెమ్మదిగా వినిపిస్తుండగా, అంత ఆయాసంలోనూ ఊపిరిని అదుపులో పెట్టుకుని, ఎక్కడా కుదుపు లేకుండా లేచి ముందుకు నడవాలి. అసలు పరీక్ష ఆ లేవడంలో ఉంది.

మరో అభ్యాసం ‘విగ్రహాలు’. టీచర్ ఆజ్ఞ వినపడగానే ఒక్క క్షణంలో ఒక భంగిమలోకి వెళ్లాలి. మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చినా సరే, కదలకుండా ఉండి అదే స్థితిలో డైలాగు చెప్పాలి. ఊపిరి ఎక్కడ తెగుతోందో, గొంతు ఎందుకు బిగుసుకుంటోందో అప్పుడు దాచడం కుదరదు. బయటినుంచి చూసేవాళ్లు దీన్ని మిలిటరీ డ్రిల్లుతో పోలుస్తుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. డ్రిల్లులో అందరూ ఒకేలా కనిపిస్తే పని అయిపోయినట్టే. ఇక్కడ ఆజ్ఞ ఒక అడ్డంకి మాత్రమే. దాన్ని దాటేటప్పుడు తన ఒంట్లో ఏ మూల తూలుతోందో నటుడు తనే పట్టుకోవాలి. ఆంగికం, వాచికం రెండూ ఒకే దెబ్బకు పరీక్షకు వచ్చే సాధన ఇంత సూటిగా ఉన్నది నాకు మరొకటి కనిపించదు.

వ్యూపాయింట్స్ పుట్టింది నృత్యంలోంచి. న్యూయార్క్‌లో 1970లలో కొరియోగ్రాఫర్ మేరీ ఓవర్లీ ప్రదర్శనను ఆరు మూలకాలుగా విడదీశారు: స్థలం, ఆకారం, కాలం, భావోద్వేగం, కదలిక, కథ. వీటిలో ఏదీ మిగతావాటికి యజమాని కాదని ఆమె గట్టిగా నమ్మారు. కథకే అగ్రాసనం వేసే నాటకరంగానికి అది పెద్ద కుదుపు. 1979లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఓవర్లీని కలిసిన బోగార్ట్, తర్వాత దర్శకురాలు టీనా లాండావ్‌తో కలిసి ఆ పనిని మరో దారిలో విస్తరించారు. వాళ్లు ఎంచుకున్న తొమ్మిది మూలకాల్లో, అంటే తొమ్మిది వ్యూపాయింట్స్‌లో, కథ, భావోద్వేగం లేవు. వేగం, వ్యవధి, పునరావృతి, ఆకారం, సంజ్ఞ, నేల మీద మన అడుగులు గీసే బాట, చుట్టూ ఉన్న గోడలూ వెలుతురూ, మనుషుల మధ్య దూరం ఎనిమిది. తొమ్మిదోది కైనెస్థెటిక్ రెస్పాన్స్. పక్కన ఏదైనా కదిలినప్పుడు, బుర్ర లెక్కలు వేసేలోపే ఒళ్లు ఇచ్చే జవాబు అది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక అభ్యాసంతో తెలిసిపోతుంది. బృందమంతా గుండ్రంగా ఒకే వేగంతో పరుగెత్తుతుంది. ఆ పరుగులో 12 సార్లు దిశ మారాలి, 6 సార్లు ఎగరాలి, 4 సార్లు ఆగాలి. ఏది ఎప్పుడన్నది ముందుగా అనుకోరు. ఎవరూ సైగ చేయకూడదు, ఎవరూ లీడర్ కాకూడదు. అయినా అందరూ ఒకేసారి తిరగాలి, ఒకేసారి నేల మీద దిగాలి. మొదట్లో గందరగోళంగానే ఉంటుంది. కానీ పదిమంది చెప్పాపెట్టకుండా ఒక్కటిగా ఆగిన ఆ క్షణం వచ్చాక, ఆ మనుషులు స్టేజీ మీద ఒకరినొకరు చూసుకునే తీరే మారిపోతుంది. దర్శకుడు ‘నువ్వు ఇక్కడ నిలబడు, నువ్వు అక్కడికి నడువు’ అని చెప్పాల్సిన పని చాలావరకు తగ్గిపోతుంది.

అయితే వ్యూపాయింట్స్‌లో చిక్కు ఏమిటంటే, అది తేలికగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరైనా గదిలో నడవగలరు, ఆగగలరు, చెయ్యెత్తగలరు. కొన్ని వారాలకే అందంగా తేలిపోతూ తిరగడం, ఒకరు వంగితే అందరూ వంగడం అలవాటైపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. గొంతు సంగతి ఇంకా ముఖ్యం. స్థాయి, మౌనం లాంటి అంశాలతో గొంతుకు విడిగా వ్యూపాయింట్స్ ఉన్నాయి. కానీ అవి గొంతును ఎలా వాడుకోవచ్చో చూపిస్తాయి, దానికి బలం ఇవ్వవు. పెద్ద హాలులో చివరి వరుసకు మాట చేరాలంటే ఆ బలం ఇంకెక్కడినుంచైనా తెచ్చుకోవాలి.

సుజుకీ వైపు చిక్కు వేరు. పక్కన ఇరవైమంది తొక్కుతున్నా ప్రతి నటుడూ తనతో తను కుస్తీ పడుతుంటాడు. నటనలో నిలకడ వస్తుంది గానీ, పక్కవాడి ఊపిరి వినే అలవాటు దానంతటదే రాదు. మోకాళ్లు, మడమలు, నడుము మీద పడే భారం సంగతి సరేసరి. ఆ సాధనలో నిజంగా పెరిగిన టీచర్ లేకుండా వీడియోలు చూసి తొక్కడం మొదలుపెడితే కీళ్లకు దెబ్బ తగలొచ్చు. గట్టి కాంక్రీటు నేల మీద అయితే అసలు వద్దు, చెక్క నేల కావాలి.

కొందరు పోలిష్ దర్శకుడు గ్రోటోవ్‌స్కీ దారి ఎందుకు కాదని అడుగుతారు. పోలండ్‌లోని ఒపోలెలో 1959లో మొదలై, 1965లో వ్రోత్స్‌వావ్‌కు మారి, 1984లో రద్దయిన ఆయన లాబొరేటరీ థియేటర్ మీద నాకు చాలా గౌరవం. కానీ నటుడిలో అడ్డుపడేవాటిని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయే ఆ పనికి బతుకంతా ఇవ్వాలి, సాయంత్రాలు చాలవు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటి మాత్రం ఉంది. మొదట హఠయోగ ఆసనాలతో పనిచేసి, అవి నటుణ్ని లోపలికి ముడుచుకునేలా చేస్తున్నాయని గమనించి, అవే ఆసనాలను ఎదుటి మనిషితో సంబంధం కలిగే కదలికలుగా మార్చారు. రిహార్సల్‌కు ముందు యోగా చేయించే బృందాలు ఈ సంగతి ఆలోచించాలి.

నా ఓటు దేనికంటే, కొత్త బృందానికి వ్యూపాయింట్స్‌కే. బృందం అనేది ఏర్పడకముందే ఒక్కొక్కరి కాళ్లు ఉక్కులా తయారై లాభం లేదు. పైగా వయసు పైబడినవాళ్లు, పాత గాయాలున్నవాళ్లు కూడా ఇందులో మొదటి రోజునుంచే పూర్తిగా పాల్గొనవచ్చు. కానీ ఇప్పటికే కొన్నేళ్లుగా కలిసి ఉన్న బృందం, ప్రదర్శనల్లో మాట తేలిపోతోందని, నిలబడటంలో బరువు లేదని అనిపిస్తే, వెంటనే సుజుకీ టీచర్‌ను వెతుక్కోవాలి. అప్పుడు వ్యూపాయింట్స్‌కే ఇంకో ఏడాది పెట్టడం దండగ.

రెండూ కలిపే అవకాశం దొరికితే వరస ముఖ్యం. ముందు సుజుకీ, ఆ వెంటనే వ్యూపాయింట్స్ పెట్టుకోవడం మేలు. తొక్కి తొక్కి అలసిన ఒళ్లు అందంగా కనిపించాలనే ఆలోచన వదిలేస్తుంది, అందుకే ఆ తర్వాతి ఇంప్రొవైజేషన్‌లో తేలిపోయే కదలికలు తగ్గుతాయి. సమయం గంటన్నరే ఉంటే సుజుకీకి అరగంట మించనివ్వకండి. మొదటి నెలలో రెండు అభ్యాసాలకే పరిమితం కండి. ఎవరికి మోకాలి నొప్పి ఉందో, ఎవరికి వెన్ను పట్టేస్తుందో సాధనకు ముందే టీచర్‌కు చెప్పండి. ఆ మాట తీసిపారేసే టీచర్ అయితే వేరే మనిషిని చూసుకోండి.